ఒక మంచు పార, ఒక మంచు రంపం

మంచును కరిగించే సాధనం. ఒక మంచు పార, ఒక మంచు రంపం. విమానంలో ఉన్నవారిలో మూడో వంతు మందికి నిద్రసంచులు, మిగిలినవారికి ఒంటివేడిని బయటికి పోనివ్వని పలచటి రేకు దుప్పట్లు. లేదంటే ప్రయాణికులందరికీ ఆ దుప్పట్లే. సిబ్బందిలో ఒక్కొక్కరికీ ఒక ధ్రువప్రాంతపు సూటు.

ఈ పట్టీ ఐరోపా సమాఖ్య విమానయాన నిబంధనల్లోది. 2012 నాటి 965వ నిబంధనావళిలో, తప్పిపోయినవారిని వెతికి కాపాడటం మరీ కష్టమైన ప్రాంతాల మీదుగా ఎగిరే విమానాల్లో ఏమేం ఉండాలో చెప్పే అంశం ఒకటుంది. దానికి తోడుగా కొలోన్‌లోని ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఇచ్చిన వివరణలో, ధ్రువప్రాంతపు వాతావరణం ఎదురయ్యేచోట అదనంగా పెట్టుకోవలసినవి అంటూ ఈ వస్తువులు వస్తాయి. ఐర్లండ్‌లో విమాన సంస్థ నడిపే ఎవరికైనా ఇది వర్తిస్తుంది. సరిగా పాటిస్తున్నారో లేదో చూసే బాధ్యత ఐరిష్ ఏవియేషన్ అథారిటీది.

చట్టాల భాష పొడిగా, ప్రాణం లేకుండా ఉంటుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. మంచు రంపం దగ్గరికి వచ్చేసరికి నాకా నమ్మకం పోయింది. విమానం మంచు మీద దిగిపోయింది, అందరూ బయటపడ్డారు, చీకటి పడుతోంది, గాలి లేచింది, ఇప్పుడేం చెయ్యాలి అని చివరిదాకా ఊహించుకున్న మనిషి మాత్రమే రంపం మాట రాయగలడు. పారతో మెత్తటి మంచును తవ్వొచ్చు. గాలికి గట్టిపడ్డ మంచును దిమ్మలుగా కోసి గోడ కట్టాలంటే రంపం కావాలి. ఈ రెండు పనిముట్ల మధ్య తేడా తెలిసినవాడెవడో ఆ వాక్యం రాశాడు. ఆ పనితనాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చెయ్యాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

లెపర్డ్స్‌టౌన్‌లో కూర్చుని దీన్ని చదవడానికి ఒక కారణం ఉంది. డబ్లిన్‌కు దక్షిణాన, కొండల కింద ఉన్న ఈ పేట గుర్రప్పందేల మైదానానికి పేరుపొందింది. 1910 ఆగస్టు 29, 30 తేదీల్లో ఐరిష్ ఏరో క్లబ్ ఆ మైదానంలోనే విమానాల ప్రదర్శన ఏర్పాటు చేసింది. అప్పుడు ఇక్కడ ఎగిరినవారిలో సెసిల్ గ్రేస్ ఒకడు. అదే ఏడాది డిసెంబరు 22న ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కు తిరిగివస్తూ పొగమంచులో దారితప్పి సముద్రం మీద కనుమరుగయ్యాడు. 1912 సెప్టెంబరు 7న డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు విమానాల పందెం మొదలైందీ ఈ మైదానం నుంచే. వాతావరణం బాగాలేక ఒక్కరూ బెల్‌ఫాస్ట్ చేరలేదు. ఎంత దూరం వెళ్లొచ్చు, దారిలో దిగాల్సివస్తే ఎక్కడ, కనపడకపోతే వెతికేదెవరు అన్న ప్రశ్నలకు రాసిపెట్టిన జవాబులేవీ ఆ పైలట్ల చేతుల్లో లేవు.

ఇప్పుడు అదే మైదానం చుట్టుపక్కల మైక్రోసాఫ్ట్, మాస్టర్‌కార్డ్ ఆఫీసులున్నాయి. పొద్దుటిపూట లువాస్ ట్రామ్‌లో తెలుగు వినపడుతుంది. ఆ మాట్లాడేవాళ్లలో ఆఫీసు పని మీద సియాటిల్ వెళ్లివచ్చేవాళ్లుంటారు. 2018 మేలో ఏర్ లింగస్ సంస్థ డబ్లిన్ నుంచి సియాటిల్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది. భూగోళం మీద ఈ రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి గీసి చూస్తే, సుమారు 7,300 కిలోమీటర్ల ఆ గీత 66న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి ఆర్కిటిక్ వలయాన్ని తాకి దిగుతుంది. కింద గ్రీన్‌లాండ్ మంచుపలక, ఆ తరవాత బాఫిన్ దీవి. గాలి వాటాన్ని బట్టి రోజువారీ దారి కొంత అటూఇటూ జరిగినా, లెపర్డ్స్‌టౌన్ మనిషికి ధ్రువప్రాంతం మరీ దూరపు విషయమేమీ కాదు.

ఇక పట్టీని దగ్గరగా చూద్దాం. అసలు చట్టం చాలా తక్కువ చెబుతుంది: ఆచూకీ తెలిపే సంకేత సాధనాలు ఉండాలి, ప్రాణాలతో బయటపడ్డవారు వాడుకునే అత్యవసర రేడియో ట్రాన్స్‌మిటర్ కనీసం ఒకటి ఉండాలి, వెళ్లే దారిని బట్టీ మనుషుల సంఖ్యను బట్టీ అదనపు సామగ్రి ఉండాలి. అంతే. ఆ అదనపు సామగ్రి ఏమిటన్నది వివరణలో వస్తుంది. నలుగురికి అర లీటరు చొప్పున నీళ్లు, ఒక కత్తి, ప్రథమ చికిత్స సామాను, నేల మీంచి విమానానికి సైగలు చేసే గుర్తుల పట్టిక ఒకటి. ధ్రువప్రాంతమైతే వీటి మీద రంపం, పార వగైరా. ఈ వివరణ చట్టంలా బిగుసుకుని ఉండదు. 'ఇలా చేస్తే చట్టాన్ని పాటించినట్టే' అని ఒప్పుకున్న మార్గం అది. అంతే భద్రతను ఇంకో విధంగా ఇవ్వగలనని విమాన సంస్థ రుజువు చేస్తే ఆ విధానానికీ అనుమతి దొరకొచ్చు. ఏం కావాలో చట్టంలో గట్టిగా చెప్పి, ఎలాగన్నది వివరణకు వదిలిన ఈ రెండంచెల కట్టుబడి నాకు ఎంతో నచ్చింది. వస్తువులు మారతాయి, కొత్త దుప్పట్లు వస్తాయి. అవసరం మాత్రం అలాగే ఉంటుంది.

నీళ్ల లెక్క చూడండి. నలుగురికి అర లీటరు అంటే మనిషికి ఒక చిన్న గ్లాసుడు. చూడగానే పిసినారి లెక్కలా అనిపిస్తుంది. కానీ ధ్రువప్రాంతంలో చుట్టూ ఉన్నదంతా నీళ్లే, తాగడానికి వీల్లేని రూపంలో. మంచును అలాగే నోట్లో వేసుకుంటే దాన్ని కరిగించే వేడి ఒంట్లోంచే పోతుంది. చలికి వణికే మనిషికి అది నష్టం. అందుకని పట్టీ నీళ్లు పెంచలేదు, కరిగించే సాధనాన్ని చేర్చింది. బరువు మోయలేని విమానానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు తోచదు. నిద్రసంచులు మూడో వంతు మందికే ఎందుకన్నదానికి నేను చెప్పుకునే అర్థం ఇది: గాయపడ్డవారు, పిల్లలు, వృద్ధులు ముందు, మిగతావారు వంతులవారీగా. ఎవరు ముందన్నది కెప్టెన్ చూసుకుంటాడు. చట్టం అక్కడ తలదూర్చలేదు.

దీనికి మినహాయింపు ఉంది, అదీ ఆలోచించి పెట్టిందే. ఒక ఇంజను ఆగిపోయినా ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగిన విమానం, రక్షణ దళాలు అందుకోగల ప్రాంతానికి ఒక ఇంజను ఆగినప్పటి వేగంతో 120 నిమిషాల దూరంలోపే ఉంటే ఈ సామగ్రి అక్కర్లేదు. అలాంటి సత్తా లేని విమానానికి 30 నిమిషాలే. పెద్ద విమానాలకు ఇంకో వెసులుబాటు: అత్యవసరంగా దిగడానికి అనువైన చోటికి మామూలు వేగంతో 90 నిమిషాల లోపు ఉంటే చాలు. మైళ్లు రాయకుండా నిమిషాలు రాశారు. చిన్న విమానానికీ పెద్ద విమానానికీ ఒకే మైలు ఒకే అర్థాన్నివ్వదు; నిమిషం ఇస్తుంది.

అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున ఇదే విషయం మీద ఇంకో పుట ఉంది. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ తన నిబంధనలకు చేర్చి 2007 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి తెచ్చిన అనుబంధం 'పి', మూడో విభాగం. ఉత్తరాన 78 డిగ్రీల అక్షాంశానికి పైనంతా ఉత్తర ధ్రువ ప్రాంతమనీ, దక్షిణాన 60 డిగ్రీలకు కిందంతా దక్షిణ ధ్రువ ప్రాంతమనీ అది గీత గీసింది. స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బెన్ విమానాశ్రయం ఈ ఉత్తరపు గీతకు కాస్త పైనే పడుతుంది. మన దేశపు పరిశోధన కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి పనిచేస్తున్న నీ-ఒలెసున్ ఇంకా పైన. గీత దాటి ప్రయాణికుల విమానం నడపాలంటే ముందుగా ఎనిమిది విషయాలు సిద్ధం చేసుకుని అనుమతి పొందాలి. దారిలో దిగడానికి ఎంచుకున్న విమానాశ్రయాలు, అక్కడ దిగిన ప్రయాణికులను తిరిగి తీసుకొచ్చే పథకం, ఇంధనం గడ్డకట్టకుండా చూసే వ్యూహం, సంభాషణ తెగిపోకుండా చూసే ఏర్పాటు, ఏయే పరికరాలు పనిచెయ్యకపోతే బయల్దేరకూడదో చెప్పే పట్టిక, సిబ్బందికి శిక్షణ, సూర్యుడి నుంచి వచ్చే రేడియేషన్ తీవ్రమైనప్పుడు సిబ్బందిని కాపాడే పథకం, చివరగా కనీసం రెండు చలి సూట్లు.

ఐరోపా పట్టీలో సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఒక సూటు. అమెరికా పుటలో విమానం మొత్తానికి రెండు. మొదట చదివినప్పుడు ఒకరు ఉదారులు, ఒకరు లోభులు అనిపిస్తుంది. రెండోసారి చదివితే ఇద్దరూ వేర్వేరు రాత్రులను ఊహించారని తెలుస్తుంది. ఐరోపా రచయిత కళ్లముందున్నది మంచు మీద పడిపోయిన విమానం. అక్కడ సిబ్బంది అంతా బయట పనిచెయ్యాలి, కాబట్టి అందరికీ కావాలి. అమెరికా రచయిత కళ్లముందున్నది క్షేమంగా దిగిన విమానం, కాని చుట్టూ ఎవరూ లేని ఒక ఉత్తరపు విమానాశ్రయం. ఎవరో ఒకరిద్దరు బయటికి దిగి చక్రాలు చూడాలి, తలుపు సంగతి చూడాలి, అక్కడి ఉద్యోగితో మాట్లాడాలి. ఆ పనికి రెండు చాలు. మారు విమానాశ్రయంలో విమానం బయట చేసే పనుల కోసమని ఆ వాక్యం స్పష్టంగానే చెబుతుంది. వేసవిలో ఆ సూట్లు అనవసరమైతే మినహాయించే వీలు కూడా అదే వాక్యం కిందే పెట్టింది. ఏ వస్తువు ఎందుకో పక్కనే రాసిపెట్టిన చట్టాన్ని పాటించేవాడు గుడ్డిగా పాటించడు.

బయల్దేరేముందు పనిచేస్తూ ఉండి తీరవలసిన పరికరాల పట్టికకు ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ఇచ్చిన మార్గదర్శకంలో ఇంధన ట్యాంకు ఉష్ణోగ్రత చూపే సాధనం, వేగాన్ని నిలకడగా ఉంచే ఆటోథ్రాటిల్, రేడియోలు ఉన్నాయి. వాటి పక్కనే, గుండె ఆగినవారికి విద్యుత్తుతో ప్రాణం పోసే పరికరంతో కూడిన పెద్ద మందుల పెట్టె. ఆస్పత్రి గంటల దూరంలో ఉన్నచోట ఆ పెట్టె కూడా ఇంజను భాగంతో సమానమే అన్నమాట.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇంధనం దగ్గర. జెట్ ఇంధనం ఒక్కసారిగా రాయిలా బిగుసుకోదు. చలికాలంలో సీసాలోని కొబ్బరినూనె ముందు మసకబారి, పలుకులు కట్టి, ఆపైన పేరుకున్నట్టు, ఇందులోనూ మైనపు పలుకులు తేలుతాయి. ఐరోపాలోనూ మన దేశంలోనూ నింపే జెట్ ఎ-1 రకానికి గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు. అమెరికాలో ఎక్కువగా నింపే జెట్ ఎ రకానికి మైనస్ 40. అంటే ఒకే విమానం, ఒకే దారి అయినా, ఢిల్లీలో ట్యాంకు నింపుకుని వెళ్లేటప్పుడు ఒక హద్దు, శాన్‌ఫ్రాన్సిస్కోలో నింపుకుని తిరిగొచ్చేటప్పుడు ఇంకో హద్దు. ధ్రువం మీద, సైబీరియా మీద బయటి గాలి మైనస్ 65కు కూడా పడిపోవచ్చు. అయినా ఇంధనం వెంటనే అంత చల్లబడదు. విమానం దూసుకుపోయే వేగానికి రెక్కల ముందున్న గాలి ఒత్తుకుని వేడెక్కుతుంది, ట్యాంకులోని వేల లీటర్లు నెమ్మదిగా, సాధారణంగా గంటకు సుమారు మూడు డిగ్రీల చొప్పున చల్లారుతాయి. పైలట్ ఆ అంకెను గంటల తరబడి గమనిస్తూ, గడ్డకట్టే హద్దుకు మూడు డిగ్రీలు పైనే ఉండేలా చూసుకోవాలి. ఆ గీత దగ్గరపడితే మూడు మార్గాలు: వెచ్చటి గాలి ఉన్న ఎత్తుకు దిగడం, దారి మార్చడం, వేగం పెంచడం. ధ్వని వేగంలో నూరో వంతు పెంచితే రెక్కకు తగిలే గాలి అర డిగ్రీ నుంచి 0.7 డిగ్రీ దాకా వెచ్చబడుతుంది. మూడింటిలో ఏది చేసినా ఇంధనం ఖర్చవుతుంది. కాబట్టి ఆ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకుని బయల్దేరాలి.

అనుబంధం 'పి' ఇవేవీ రాయలేదు. ఇంధనం గడ్డకట్టే విషయంలో ఒక వ్యూహమూ, గమనించే పద్ధతీ ఉండాలి అని మాత్రం రాసింది. ఇంధనం రకం మారుతుంది, విమానం మారుతుంది, రుతువు మారుతుంది. అంకె రాసి ఉంటే ఆ అంకె ఏదో ఒక రోజు అబద్ధమయ్యేది. అక్షాంశానికి అంకె రాసినవాళ్లు ఇక్కడ అంకె రాయకపోవడంలోనే పనితనం ఉంది. ఎక్కడ గట్టిగా పట్టాలో, ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి అది.

అయినా ప్రకృతి ఎవరూ కాపలా పెట్టని దారిలో వచ్చింది. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి సైబీరియా మీదుగా లండన్ చేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 దిగే ముందు రెండు ఇంజన్లూ బలం కోల్పోయి రన్‌వేకు ముందే నేలను తాకింది. ఎవరూ చనిపోలేదు. ఇంధనం మైనస్ 34 కన్నా చల్లబడలేదు. గడ్డకట్టే హద్దుకు అది చాలా పైనే. గడ్డకట్టింది ఇంధనం కాదు, అందులో ఎప్పుడూ కొద్దిగా ఉండే నీరు. గొట్టాల గోడలకు మంచుగా పట్టి, చివర్లో ఒక్కసారిగా ఊడి, ఇంధనాన్ని వేడిచేసే పరికరం ముఖద్వారాన్ని మూసేసింది. బ్రిటన్ పరిశోధకులు రెండేళ్లు శ్రమించి 2010లో నివేదిక ఇచ్చారు. రోల్స్‌రాయిస్ ఆ పరికరం ఆకృతిని మార్చింది. చట్టం తప్పని దీన్నిబట్టి నేననను. నిబంధనను వ్యూహం అన్న మాటతో తెరిచి ఉంచారు కాబట్టే ఇలాంటి కొత్త జ్ఞానం అందులో ఇమడగలదు.

సంభాషణ సంగతి. భూమధ్యరేఖ మీద 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఉపగ్రహాలు సుమారు 82 డిగ్రీల అక్షాంశం దాటితే దిగంతం కిందికి పోతాయి. అక్కడ పాత హై ఫ్రీక్వెన్సీ రేడియో కావాలి, లేదా ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం ఉపగ్రహాలు కావాలి. అట్లాంటిక్ దాటే విమానాలతో ఈ హై ఫ్రీక్వెన్సీలో మాట్లాడే 'షాన్విక్ రేడియో' గొంతు ఐర్లండ్‌దే. క్లేర్ కౌంటీలోని బాలీగిరీన్ కేంద్రం నుంచి వినిపిస్తుంది. కాని సూర్యుడిలో పేలుడు పుట్టినప్పుడు ధ్రువాల మీద ఈ రేడియో తరంగాలే ముందు ఇంకిపోతాయి. 2024 మే 10 రాత్రి ఐర్లండ్ ఆకాశం గులాబీ, ఆకుపచ్చ రంగులతో వెలిగిపోయింది. 2003 తరవాత అంత తీవ్రమైన భూ అయస్కాంత తుపాను అదే. మనకు కన్నులపండుగైన రాత్రి ధ్రువ మార్గంలోని విమానానికి మాట పోయే రాత్రి. అలాంటి రోజుల్లో విమానాలను దక్షిణంగా జరిపి నడుపుతారు.

రేడియేషన్ విషయంలో ఐరోపా చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ దాటే అవకాశమున్న విమాన సిబ్బందికి ఎంత సోకుతోందో లెక్కగట్టాలి. ఎక్కువ సోకినవారి డ్యూటీలను తగ్గేలా సర్దాలి. గర్భవతులైన ఉద్యోగినులకు ప్రత్యేక రక్షణ ఇవ్వాలి. ప్రయాణికుడి టికెట్టు ధరలో ఎక్కడా కనపడని ఖర్చు ఇది. మన ఆకాశంలో పనిచేసే మనుషుల ఒంటి గురించి ఇంత శ్రద్ధ తీసుకున్న వాక్యాలను చదివితే నాకు సంతోషంగా ఉంటుంది.

అమెరికా పుట అడిగిన ఎనిమిదింటిలో ప్రయాణికులను తిరిగి తీసుకొచ్చే పథకానికి నేను పెద్దపీట వేస్తాను. విమానం క్షేమంగా దిగితే కథ ముగిసిందని మనమంతా అనుకుంటాం. చట్టం అక్కడ మొదలవుతుంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజను లోపంతో రష్యా తూర్పు చివరనున్న మగడాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. హోటల్ గదులు సరిపోక చాలామంది పాఠశాలలో, వసతిగృహాల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. మర్నాడు ముంబై నుంచి బయల్దేరిన మరో విమానం వాళ్లను 8వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చింది. ఆ వార్తను తెలుగు ఇళ్లలో ఎంత ఆత్రంగా చూశారో గుర్తున్నవాళ్లుంటారు. పరుపులు ఎక్కడ, తిండి ఎవరు, భాష ఎవరికి వచ్చు, వీసా లేకుండా ఊళ్లోకి ఎలా, మారు విమానం ఎక్కడినుంచి: ఈ ప్రశ్నలన్నిటినీ దుర్ఘటన లేని ఒక మామూలు రోజున కూర్చుని రాసుకోమంటుంది ఆ ఒక్క పంక్తి.

ఇక్కడే నాకు ఒక అసంతృప్తి. మగడాన్ 60 డిగ్రీల దగ్గర ఉంది. 78వ గీతకు చాలా కింద. 2017 సెప్టెంబరు 30న పారిస్ నుంచి లాస్‌ఏంజిలస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎ380 విమానానికి దక్షిణ గ్రీన్‌లాండ్ మీద ఒక ఇంజను ముందుభాగం ముక్కలై రాలిపోయింది. అయిదొందల మందికి పైగా ఉన్న ఆ విమానం కెనడాలోని గూస్‌బేలో దిగింది. అంతమందికి అక్కడ చోటు లేక, మారు విమానాలు వచ్చేదాకా రాత్రంతా విమానంలోనే ఉండవలసివచ్చింది. ఇంజను నుంచి ఊడిన ముక్కను 2019లో మంచు కింద నాలుగు మీటర్ల లోతున కనిపెట్టి తవ్వితీశారు. అదీ 78కి కిందే. చలికి, ఒంటరితనానికి అక్షాంశం ఒక్కటే కొలత కాదు. గీతను ఉపగ్రహాల కోసం, దారుల కోసం అక్కడ గీసి ఉండొచ్చు. ప్రయాణికులను తిరిగి తెచ్చే పథకం మాత్రం గ్రీన్‌లాండ్ మీద ఎగిరే ప్రతి పెద్ద విమానానికీ రాతపూర్వకంగా ఉండాలని నా అభిప్రాయం.

దక్షిణపు గీత ఇంకా లోతైనది. 1959 డిసెంబరు 1న సంతకాలైన అంటార్కిటికా ఒప్పందం కూడా 60 డిగ్రీల దక్షిణ అక్షాంశాన్నే తన సరిహద్దుగా పెట్టుకుంది. శాంతి కోసం గీసిన గీతా, విమాన భద్రత కోసం గీసిన గీతా ఒకటే కావడం పైలట్‌కూ న్యాయవాదికీ ఇద్దరికీ మేలు. కింద ఉన్న నేల మీద ఏ దేశపు హక్కునూ ఆ ఒప్పందం తేల్చలేదు, కాదనలేదు. కాబట్టి ఎగిరే మనిషిని కట్టిపడేసేది ఎక్కువగా తన సొంత దేశపు చట్టమే. మన దేశం 2022లో భారత అంటార్కిటిక్ చట్టం చేసుకుంది. పక్షులు, సీళ్లు గుంపుగా ఉన్నచోట వాటిని చెదరగొట్టేలా హెలికాప్టర్ ఎగరడం, దిగడం అందులో నిషేధం. ఒప్పంద దేశాలు 2004లో అంగీకరించిన మార్గదర్శకాలు లెక్క కూడా చెప్పాయి: పెంగ్విన్, ఆల్బట్రాస్ కాలనీల మీద 2,000 అడుగులకు కిందికి రావద్దు, వాటికి అర నాటికల్ మైలు లోపు దిగకుండా చూసుకోవాలి, తీరాన్ని అడ్డంగా, లంబకోణంలో దాటాలి. తీరం వెంబడి ఎగిరితే వరుసగా ఎన్నో కాలనీలు బెదురుతాయి. అడ్డంగా దాటితే ఒక్కచోటే, ఒక్క క్షణమే. పక్షి గుండెచప్పుడు తెలిసినవాళ్లు రాసిన రేఖాగణితం అది.

దక్షిణాన జాగ్రత్త ఎంత అవసరమో 1979 నవంబరు 28 చెప్పింది. ఎయిర్ న్యూజీలాండ్ విహారయాత్ర విమానం అంటార్కిటికాలోని ఎరెబస్ పర్వతాన్ని ఢీకొని 257 మందీ చనిపోయారు. పందొమ్మిది రోజుల ముందు సిబ్బందికి చూపిన దారి సముద్రం మీదుగా వెళ్లేది. ప్రయాణానికి కొద్ది గంటల ముందు కంప్యూటర్‌లో గమ్యపు అక్షాంశ రేఖాంశాలు మార్చారు, ఆ సంగతి పైలట్లకు చెప్పలేదు. తెల్లటి మేఘం కింద తెల్లటి మంచు, ఎదురుగా ఉన్న కొండ కంటికి ఆనలేదు. ఒక అంకె మారితే చేరవలసినవారికి చేరాలన్న చిన్న నియమానికి అంతటి మూల్యం చెల్లించింది ఆ దేశం.

చట్టం భద్రత కోసమే కాక రాజకీయం వల్ల కూడా దారులు మూస్తుంది. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా తన ఆకాశాన్ని ఐర్లండ్‌తో సహా ఐరోపా దేశాల విమానాలకు మూసేసింది. ఫిన్‌ఎయిర్ హెల్సింకీ నుంచి టోక్యోకు ధ్రువం మీదుగా పదమూడు గంటల దారి పట్టింది. అప్పటిదాకా కొద్దిమందికే పనికొచ్చిన ధ్రువ నిబంధనలు ఒక్క నెలలో ఎందరికో అవసరమయ్యాయి. అవసరం వచ్చేనాటికి నిబంధనలు సిద్ధంగా ఉండటమే వాటిని రాసినవారి ఘనత.

మన దేశం నుంచి ఈ నిబంధనలకు జీవం పోసిన ప్రయాణం చాలామందికి తెలుసు. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిర్ ఇండియా 777-200 ఎల్ఆర్ ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావణే, కెప్టెన్ శివానీ మన్హాస్. పత్రికలు వాళ్ల ధైర్యాన్ని రాశాయి. ఆ పదిహేడు గంటల పనిలో ధైర్యం కన్నా ఎక్కువగా ఉండేది ఇంధనం ఉష్ణోగ్రత మీద, రేడియో మీద, దారిలోని విమానాశ్రయాల వాతావరణం మీద చూపు తిప్పకుండా ఉండటం. వాళ్లను మెచ్చుకోవాలంటే ఆ పని ఏమిటో తెలుసుకుని మెచ్చుకోవాలి.

న్యాయశాస్త్రం, ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలకు నా మనవి ఒకటే. అనుబంధం 'పి' మూడో విభాగం ఒక పుటకు అటూఇటూ ఉంటుంది. ఐరోపా పట్టీ అంతకన్నా చిన్నది. రెండూ డబ్బు కట్టకుండా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక సాయంత్రం వాటిని పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో వస్తువు దగ్గరా ఎందుకని అడుగుతూ చదవండి. మీలో ఎవరైనా వాటిని వ్యాఖ్యతో సహా తెలుగులోకి తెస్తే మొదటి ప్రతి నాకు పంపండి.